ఏమీ కాదన్న దారి

మెదడు నడిమధ్యన ద్రవం నిండిన ఖాళీలున్నాయి. డాక్టర్ల మాటలో వెంట్రికిల్స్. ఆ ద్రవం రోజుకు అరలీటరు దాకా ఊరుతుంది. తలలో, వెన్నులో కలిపి ఒక సమయానికి ఉండేది మాత్రం సుమారు 150 మిల్లీలీటర్లే. ఊరింది ఊరినట్టే కదిలిపోవాలి. మూడో వెంట్రికిల్ ముఖద్వారం దగ్గర కొల్లాయిడ్ సిస్ట్ అనే ఓ చిన్న తిత్తి అడ్డుపడిందంటే, పై గదులు ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది.

సిస్టును తీయడానికి ఆ ఖాళీలోకి దిగాలి. దిగే దారి మాత్రం ఖాళీ కాదు. నన్ను వదలకుండా పట్టుకున్న సంగతి ఇదే. రెండు అర్ధగోళాల సందున దిగితే అడుగున కార్పస్ కలోసం, సుమారు ఇరవై కోట్ల నరాల పోగుల కట్ట. దాని ముందుభాగాన్ని రెండు సెంటీమీటర్లు చీలిస్తే కింద వెంట్రికిల్.

చీలిస్తే మనిషికి ఏమవుతుంది? ఏమీ కాదన్నాడు బాల్టిమోర్ సర్జన్ వాల్టర్ డాండీ, 1930లలో. 1940లలో రోచెస్టర్‌లో మూర్ఛరోగులకు ఆ కట్టను కోశాక ఆండ్రూ అకెలైటిస్ పరీక్షించి ఇంచుమించు అదే చెప్పాడు. రోగులు నడిచారు, మాట్లాడారు, అడిగినదానికి జవాబిచ్చారు. మరేం కావాలి? 1960లలో రోజర్ స్పెరీ, మైఖేల్ గజానిగా అడిగే తీరు మార్చారు. చూపులోని ఎడమ సగానికి మాత్రమే రెప్పపాటు కాలం బొమ్మ చూపించారు. రోగి ఏమీ కనబడలేదన్నాడు. అతని ఎడమచేయి మాత్రం తెర వెనక తడిమి సరిగ్గా ఆ వస్తువునే పట్టుకుంది! ఇరవై ఏళ్లుగా నష్టం అక్కడే ఉంది, దాన్ని పలకరించినవాళ్లే లేరు.

స్పెరీ, గజానిగా పరీక్షించిన రోగుల్లో తెగింది మొత్తం కట్ట. సిస్టు కోసం చేసే చిన్న చీలికకు అంత నష్టం రాదు, ఒప్పుకుంటాను.

ఫ్లోరిడాలో ఆల్బర్ట్ రోటన్ శవాల మెదడు రక్తనాళాల్లోకి ఎరుపు, నీలం సిలికాన్ ఎక్కించి, ఈ లోతుల్ని తరాల సర్జన్లకు చూపించాడు. ఆ బొమ్మల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది కోరాయిడల్ ఫిషర్. ఫోర్నిక్స్ అనే నరాల కట్టకూ థాలమస్ అనే మెదడు భాగానికీ నడుమ ఉన్న ఈ సందులో నరాల కణజాలం లేదు. అక్కడినుంచి మూడో వెంట్రికిల్‌లోకి వెళ్లడమంటే బట్ట చింపకుండా కుట్టు విప్పడమే. అయినా పక్కనే ఫోర్నిక్స్ ఉంది. అది దెబ్బతింటే కొత్త జ్ఞాపకాలు నిలవవు. (జ్ఞాపకం ఈ గదుల్లోనే కాపురముంటుందని పాతకాలపు యూరప్ పండితులు నమ్మేవాళ్లు. గది తప్పినా వీధి తప్పలేదు.)

అంతా తెలిసేదాకా సర్జన్ చేతులు కట్టుకుని కూర్చుంటే రోగి దక్కడు. నేను కోరేది చిన్నది. డిశ్చార్జి కాగితం మీద ఏ లోపమూ లేదని రాసేటప్పుడు, ఏమేం అడిగి చూశారో కూడా పక్కన రాయాలి. నెల తర్వాత, భోంచేసిన సంగతి మరచి మళ్లీ కంచం ముందు కూర్చున్న మనిషిని చూసి, అది వయసో ఆపరేషనో తేల్చుకోవలసింది ఇంట్లోవాళ్లే కదా.