కట్టెను చూచి కాల్చుట

శ్రావకధర్మములో ఉపవాసమును గూర్చి, దానమును గూర్చి, తీర్థయాత్రలను గూర్చి చెప్పు పెద్దలు పెక్కుమంది కలరు. ఇంటి వెనుక పేర్చిన కట్టెల దొంతిని గూర్చి చెప్పువారు అరుదు. అయినను గృహస్థుని అహింసకు ప్రతిదినము పరీక్ష జరుగుచోటు పొయ్యిమూలయే.

కాశీనగరమున అశ్వసేన మహారాజునకును వామాదేవికిని పుత్రుడై జనించిన పార్శ్వకుమారుని కథ జైనగృహములందలి పిల్లలు సైతము ఎరిగినదే. సంప్రదాయ భేదముచే కొన్ని వివరములు మారినను కథాసారము ఒక్కటే. కమఠుడను తాపసి పంచాగ్నుల నడుమ కూర్చుండి తపము చేయుచుండగా జనులు గుంపులుగా వచ్చి కొలుచుచుండిరి. కుమారుడు అచ్చటికి వచ్చి, ఆ దుంగలో ప్రాణులున్నవని అవధిజ్ఞానముచే ఎరిగి చెప్పెను. తాపసి కోపించెను. దుంగను చీల్చి చూడగా సర్పదంపతులు కొనయూపిరితో బయటపడినవి. కుమారుడు వానికి నమస్కార మంత్రము వినిపించెను. అవియే ధరణేంద్ర పద్మావతులై జనించినవని పెద్దలు చెప్పుదురు.

ఈ కథలో తాపసికి పాములను చంపవలెనను తలంపు లేనేలేదు. చూడకుండుటయే అతని దోషము. తపస్సు కొరకు రగిల్చిన అగ్నికే ఇంతటి దోషమంటినప్పుడు, చలి కాచుకొనుటకు రగిల్చిన అగ్నిని గూర్చి వేరుగ చెప్పనేల?

గృహస్థుని హింసను సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అని నాలుగు విధములుగా శాస్త్రకారులు విభజించిరి. వండుకొనుట, నీరు కాచుట, ఇల్లు వెచ్చబరచుకొనుట ఆరంభీహింస క్రిందికి వచ్చును. వనస్పతికాయము, తేజస్కాయము రెండును జీవములే కావున గృహస్థుడు దీనిని పూర్తిగా విడువజాలడు. విడువజాలని దానిని తగ్గించుకొనుటయే అతని ధర్మము. ఆ తగ్గింపు నిప్పు రాజవేయునాడు మొదలగునది కాదు. ఏడాది ముందే మొదలగును.

నీలగిరులలోని ఉదకమండలమును ఉదాహరణముగా తీసికొనవచ్చును. సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్న ఆ ఊర డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారునప్పటికి గడ్డిమీద మంచు పేరుకొనియుండును. వంటచెరకు కొరత తీర్చుటకై 19వ శతాబ్దమున ఆస్ట్రేలియా నుండి తెచ్చి అచ్చట తోటలుగా పెంచిన చెట్టునే తెలుగువారు నీలగిరి చెట్టు అని పిలుచుచున్నారు. ఆ కొండలపై నైరుతి వానలు తీరినంతనే ఈశాన్యపు వానలు పట్టును. ఎండ నిలుకడగా కాయునది జనవరి మొదలు ఏప్రిల్ వరకే. కనుక వచ్చు చలికాలమునకు కావలసిన కట్టెను తెలివిగల గృహస్థుడు ఆ ఎండలలోనే చీల్చి ఎండబెట్టి, వానలకు ముందే పంచ క్రిందికి చేర్చును. చాతుర్మాస్యము ప్రవేశించునాటికి ఆ పని ముగిసియుండవలెను. వానలో నానిన కట్టెకు బూజు పట్టును. బూజు అనంతకాయమని శ్రావకులకు తెలియనిది కాదు.

ఎండబెట్టు విధానము కష్టమైనది కాదు. మొద్దుగా విడిచిన కట్టె లోపల ఆరదు. చీల్చినచో త్వరగా ఆరును. రెండు అడ్డకట్టెలు వేసి, నేల తగులకుండ, నడుమ గాలి ఆడునట్లు పేర్చవలెను. పైన మాత్రము కప్పి ప్రక్కలు తెరచియుంచవలెను. ఆరిన కట్టె కొనలయందు బీటలు వారును, బెరడు ఊడివచ్చును, రెంటిని ఒకదానితో నొకటి కొట్టినచో ఖంగున మ్రోగును. నేలనంటియున్న తడికట్టెను చెదలు, తేళ్లు, పురుగులు తమ ఇల్లు చేసికొనును. ఎండి గాలికి ఎత్తుగా నున్న కట్టెలో అవి అంతగా చేరవు. ప్రాణిని కాపాడుటకు దానికి అచ్చట ఇల్లు లేకుండ చేయుట మొదటి మార్గము.

పచ్చికట్టె బరువులో సుమారు సగము నీరే. నూరు కిలోల పచ్చికట్టె, తేమ ఇరువది శాతమునకు దిగునట్లు ఆరినచో, అరువదిరెండు కిలోలకు వచ్చును. తక్కిన ముప్పదియెనిమిది కిలోల నీటిని ఎండ ఉచితముగా తీసివేయును. ఎండబెట్టనిచో ఆ నీటిని పొయ్యిలోని నిప్పే ఆవిరి చేయవలెను. అనగా అదే వెచ్చదనమునకు ఎక్కువ చెట్లు నరుకవలసివచ్చును. పొగ ఇల్లాలి కన్నులలోను, పసిబిడ్డ ఊపిరితిత్తులలోను చేరును. పురుగుపై దయచూపి, పొయ్యి యెదుట దగ్గుచున్న ఇల్లాలిని మరచువాని అహింస సగము అహింసయే.

వర్తకులైన శ్రావకులు ఇచ్చట ఇంకొక సంగతి గమనింపవలెను. పచ్చికట్టెను ఎండుకట్టె అని చెప్పి తూచి అమ్మువాడు నీటిని కట్టె ధరకు అమ్ముచున్నాడు. త్రాసు సరియైనదే కావచ్చును. మాట సరియైనది కాదు. కొలతలో మోసము అచౌర్యాణువ్రతమునకు అతిచారము. అడవి నరకుటయు బొగ్గులు కాల్చుటయు పదునైదు కర్మాదానములలో చేర్చబడినవి. వేసవిలో ఊరి కట్టెలన్నియు కొని దాచి, ముసురు పట్టినప్పుడు రెట్టింపు ధరకు విడుచుట లాభమనిపించుకొనవచ్చును గాని, అది చలికి వణకుచున్నవానినుండి తీసికొన్న సొమ్ము.

అట్లైన కట్టెలు ఎన్ని దాచుకొనవలెను? పరిగ్రహ పరిమాణ వ్రతమే ఇందుకు సమాధానము. ఒక చలికాలమునకు చాలినన్ని, కొంచెము ఎక్కువ. ఏండ్ల తరబడి కదల్పని దొంతి ప్రాణులకు ఊరగును. దానిని ఎప్పుడు కదల్చినను హింస తప్పదు. పాతకట్టెను ముందు వాడి, క్రొత్తదానిని వెనుకకు పేర్చుట మేలు. చలికి మొదటి మందు కంబళి, రెండవది గాలి చొరబడు సందులు మూయుట, చివరిది నిప్పు. అయితే నిప్పు రాజేసిన గదిలో కొంత కిటికీ తెరచియుండవలెను. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించువారిని వాసనయు రంగును లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే చంపివేయును. అందుచే పడుకొనుటకు ముందే కుంపటిని బయట పెట్టవలెను.

నేడు పెక్కు ఇండ్లలోనికి గ్యాసుపొయ్యి వచ్చినను, స్నానపు నీళ్లకును చలికిని కట్టె వాడువారు ఇంకను కలరు. అట్టివారు ఒక చిన్న నియమము పట్టవచ్చును. వెలుతురులో తప్ప కట్టెను దొంతినుండి తీయరాదు. తీసిన ప్రతి కట్టెను నేలకు మెల్లగా తట్టి, త్రిప్పి, బొరియలున్నచో ప్రక్కకు పెట్టి, పిదప పొయ్యిలో ఉంచవలెను. ఇందుకు పట్టునది అర నిమిషము. పార్శ్వప్రభువునకు ఉన్న అవధిజ్ఞానము గృహస్థునకు లేదు. కాని రెండు కన్నులు కలవు. వానిని వాడుటయే అతడు చేయదగిన అహింస.