గీతలో ఆ గడ్డం ఎవరిది?

1999 మే నుంచి జూలై దాకా కార్గిల్ యుద్ధం జరిగింది. గోదావరిఖనిలో మేం దాన్ని చాయ్ హోటళ్లలో, పేపర్లలో చూశాం. ఒకరోజు మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి బల్ల మీద ఒక పత్రిక ఉంది. అందులో కార్టూన్. శత్రువుకు పొడుగు గడ్డం, నెత్తిన తెల్ల టోపీ. పక్క బల్ల మీదాయన నవ్వుతూ అడిగాడు: "ఏం భాయ్, మీవోడేనా?" హోటలంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ నవ్వే ఇప్పటికీ గుచ్చుతున్నది.

బాయిలో అందరిదీ బొగ్గు రంగే. అక్కడ నెత్తిన లైటున్న టోపీ పెట్టుకుంటే రాజయ్య ఎవరో రజాక్ ఎవరో పోల్చుకోలేరు. పైకొచ్చి తెల్ల టోపీ పెట్టుకోగానే మేం సరిహద్దు అవతలి వాళ్లమైపోతాం.

మాకు హాస్యం తెలియదనకండి. 1877లో లక్నోలో 'అవధ్ పంచ్' పెట్టి ఉర్దూలో పాలకులను ఎగతాళి చేసిన మున్షీ సజ్జాద్ హుసేన్ మావాడే. 1906లో తిఫ్లిస్‌లో మొదలైన 'ముల్లా నస్రుద్దీన్' పత్రిక ముల్లాలనే వదల్లేదు. మా ప్రశ్న ఒకటే. కార్టూన్ ఎవరిని చూసి నవ్వుతున్నది?

యుద్ధకాలపు కార్టూన్ చరిత్రకు వ్యాఖ్యానం అంటారు. నిజమే. 1939 సెప్టెంబరు 20న లండన్ 'ఈవెనింగ్ స్టాండర్డ్'లో డేవిడ్ లో ఒక బొమ్మ వేశాడు. నేల మీద శవం. దానికి అటూ ఇటూ హిట్లర్, స్టాలిన్ టోపీలెత్తి, వంగి, మర్యాదగా తిట్టుకుంటూ పలకరించుకుంటారు. పోలెండ్‌ను పంచుకున్న ఇద్దరు ఏలికల గుట్టు అందులో ఉంది. ఆ నవ్వు బలవంతుల మీద.

1942 ఫిబ్రవరి 13న న్యూయార్క్ 'పీఎం' పత్రికలో డాక్టర్ స్యూస్ వేసిన బొమ్మ వేరు. పిల్లల పుస్తకాలతో లోకమంతా పేరు పొందిన మనిషే. అమెరికా పడమటి తీరంలోని జపనీయులు బారులు తీరి పేలుడు మందు పొట్లాలు అందుకుంటుంటారు. అందరికీ ఒకటే ముఖం. ఆరు రోజులకు ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దాంతో సుమారు 1,20,000 మందిని నిర్బంధ శిబిరాలకు తోలారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఆ బొమ్మే ఉత్తర్వు తెచ్చిందని మేం అనం. అలాంటి బొమ్మలకు అలవాటుపడ్డ కళ్లకు ఆ ఉత్తర్వు తప్పుగా కనిపించలేదంటాం. అమెరికా క్షమాపణ చెప్పింది 1988లో.

ఇవాళ రెండు బొమ్మలూ చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఆనాటి అసలు చిత్రాలను డబ్బు పోసి కొని గోడకు తగిలించుకునే వాళ్లున్నారు. గీత బాగుంది, అరుదైంది అంటారు. ఉండొచ్చు. గీత బాగున్నంత మాత్రాన గాయం మానదు.

కార్గిల్‌లోనే 1999 జూన్ 6న తుర్తుక్ దగ్గర కెప్టెన్ హనీఫుద్దీన్ ప్రాణమిచ్చాడు. ఆయన పేరు చెప్పి మా దేశభక్తిని రుజువు చేసుకోవాలా? రాజయ్యను అడగని రుజువు రజాక్‌ను ఎందుకు అడుగుతారు?

ఆ పేపరు ముక్కను మేం చింపలేదు. ఇంట్లో రేకు పెట్టెలో ఉంది. చింపితే మా మీద నవ్వలేదని రేపు ఎవరైనా అనొచ్చు. మీరూ దాచుకోండి. గోడకూ తగిలించండి. కింద గీసినవాడి పేరు, సంవత్సరం రాసేటప్పుడు, ఆ రోజు ఆ బొమ్మ చూసి తలదించుకున్న పక్కింటివాళ్లెవరో అది కూడా రాయండి.