జవాబు రాని వారి సాక్ష్యం

జులై మొదటి వారం వస్తే నాకు రెండు తేదీలు గుర్తుకొస్తాయి. ఒకటి మేముంటున్న ఈ క్రెయిగీబర్న్‌ది, ఇంకొకటి మన ఒంగోలుది.

కోవిడ్ వల్ల 2020 జులై 1 అర్ధరాత్రి మెల్‌బోర్న్ ఉత్తర, పడమటి శివార్లలో పది పోస్ట్‌కోడ్లను మూసేశారు. అందులో 3064 మాది. గడప దాటడానికి నాలుగు కారణాలే మిగిలాయి. వారం తిరిగేసరికి మెల్‌బోర్న్ అంతటికీ అదే గతి పట్టింది. 2020 మార్చి నుంచి 2021 అక్టోబరు దాకా ఆరుసార్లు ఊరు మూసి ఉన్న రోజులన్నీ కలిపితే 262. ఆ మధ్యలోనే, 2021 ఏప్రిల్ ఆఖరున, ఇండియా నుంచి విమానాలు కూడా ఆపేశారు. సరిగ్గా మన ఊళ్లలో ఆక్సిజన్ కోసం పరుగులు పెడుతున్న రోజులవి. నాన్న పోయారన్న కబురు ఫోన్‌లో విని, సమాధి ఆరాధన ఫోన్‌లోనే చూసి, తెల్లారి మళ్లీ గోడౌన్‌లో షిఫ్ట్‌కు వెళ్లినవాళ్లు మన తెలుగు సంఘాల్లో ఉన్నారు. వాళ్ల సాక్ష్యం మనం ఎన్నడైనా విన్నామా?

ఈ వారం నా బాధంతా దీని గురించే. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. లేచేదెవరు? పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చినవాళ్లు, కొత్త ఇంటి తాళాలు చేతికందినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు. వాళ్లు దేవుణ్ణి స్తుతించాల్సిందే, మనం చప్పట్లు కొట్టాల్సిందే. కాని వీసా తిరస్కరించిన ఉత్తరం బ్యాగులో పెట్టుకుని వెనక వరసలో కూర్చున్న మనిషికి ఆ పది నిమిషాలు ఎంత బరువో! ఒక చెల్లి మూడేళ్లుగా ఒకే ప్రార్థన మనవి చెబుతూ వచ్చింది. ఈమధ్య చెయ్యెత్తడం మానేసింది. ఏమ్మా అని అడిగితే, “ఎప్పుడూ ఇదే చెబితే నాకు విశ్వాసం లేదనుకుంటారేమో అన్నా” అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

సాక్ష్యమంటే సుఖాంతమైన కథ అని ఆ బిడ్డకు నేర్పింది మనమే. ఎవరైనా కష్టం చెప్పబోతే సగంలోనే అందుకుని, అంతా మేలుకే అనేస్తాం, ఒక వాక్యం ఫోన్‌కు పంపేసి చేతులు దులుపుకుంటాం. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడింది. చివరికి దేవుడు కోపించింది మొరపెట్టిన యోబు మీద కాదు, దేవుని పక్షాన మాట్లాడుతున్నామనుకున్న ఆ స్నేహితుల మీద.

ఫిలిప్పీ చెరసాల సంగతి చెప్పేటప్పుడు మనం ఎంతసేపూ భూకంపం దగ్గరే ఆగుతాం. సంకెళ్లు ఊడాయి, తలుపులు తెరుచుకున్నాయి అంటాం. పాట దానికి ముందుదని మరిచిపోతాం. వీపు మీద దెబ్బలు ఆరలేదు, కాళ్లు బొండలో ఉన్నాయి, తెల్లారితే ఏమవుతుందో పౌలుకూ తెలియదు, సీలకూ తెలియదు. ఆ స్థితిలో పాడారు. పక్క గదుల్లోని ఖైదీలు విన్నది ఆ పాటనే. హబక్కూకు కూడా అంజూరపు చెట్టు పూశాక సంతోషించలేదు. పూత లేదు, కాపు లేదు, దొడ్లో పశువు లేదు, అప్పుడు ఆనందిస్తానన్నాడు. ఆ మాట అనడానికి ముందు తన ఎముకలు కుళ్లుతున్నట్టుందని కూడా దాచకుండా చెప్పాడు. నేను మరీమరీ చదువుకునేది ఈ భాగాన్నే. వణుకు, సంతోషం ఒకే నోట, ఒకే ప్రార్థనలో వచ్చాయి. లాజరు లేస్తాడని తెలిసీ యేసు కన్నీరు పెట్టాడు కదా. ఆ చెల్లి కన్నీటిని అవిశ్వాసం అనడానికి మనమెవరం?

ఇక ఒంగోలు తేదీ. 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశాన్ని పీల్చేసిన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలై, పలుగు దించి సేదదీరే వేళల్లో కూలీలకు క్రీస్తు గురించి చెప్పారు. చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని, సహాయం అందుతున్నంత కాలం ఆపేశాడు. చేతికి డబ్బు అందడం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. అప్పటికి వాళ్లకు పొలం రాలేదు, ఇల్లు రాలేదు, ఊరు వాళ్లను చూసే చూపు మారలేదు. అయినా నదిలో దిగారు. మనలో ఎందరో వాళ్ల మనవలకు మనవలం. వీసా కాగితం చూపించి దేవుని నమ్మకత్వాన్ని రుజువు చేయడం మన పెద్దల దగ్గర నేర్చుకున్నది కాదు.

పాస్టరు గారూ, సంఘ పెద్దలూ, మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ఈ ఆదివారం మైకు ముందుగా ఇంకా జవాబు రానివారికి ఇవ్వండి. వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. మధ్యలో ఆమేన్ అని ఆపకండి. ఆ చెల్లి కథకు ముగింపు ఇంకా రాలేదు. ఆరాధన అయ్యాక టీ దగ్గర ఆమె పక్కన కాసేపు కూర్చోండి.