అందరును వచ్చిరా?

శ్రీ గోదాదేవి అనుగ్రహించిన తిరుప్పావై ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవది వరకు గల పదియును మేలుకొలుపులే. ఈ సంగతి వైష్ణవ గృహములలో చిన్నపిల్లలకు సైతము తెలియును. పది ఇండ్లు, పదిమంది కన్నెలు, మూసియున్న పది వాకిళ్లు. వ్రతము చేయవలెనని తలపెట్టినది తానే గదా, తెల్లవారుజామున తానొక్కతెయే పోయి స్నానమాడి స్వామిని సేవింపక, నిద్రపోవువారి వాకిళ్లలో గోద ఇంతసేపేల నిలిచినది? పూర్వాచార్యుల వ్యాఖ్యానములలో దీనికి సమాధానములు కలవు. వానిని నేను ఏండ్ల తరబడి వేదికలపై చెప్పుచునే యున్నాను. అయినను ఒక ధనుర్మాసమున కోకాపేటలో పదునారేండ్ల బాలిక యొకతె అడిగిన ప్రశ్నకు తప్పుగా బదులు చెప్పితిని. ఆ తప్పును దిద్దుకొనుటకు నాకు పదుమూడు దినములు పట్టినది.

కోకాపేట హైదరాబాదునకు పడమట, గండిపేట జలాశయమునకు చేరువనున్న ఊరు. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచివేసిన పిదప, అట్టి ఉపద్రవము మరల కలుగకుండుటకును, త్రాగునీటికిని మూసీకి అడ్డముగా కట్టి 1920లో పూర్తిచేసిన జలాశయమది. నా చిన్ననాట ఆ దారిని పోవువారు చిలుకూరు బాలాజీ దర్శనమునకు పోవువారో, గండిపేట గట్టుమీద గాలి పీల్చుటకు పోవువారో. ఇప్పుడక్కడ నలువది, ఏబది అంతస్తుల సౌధములు లేచినవి. 2023 ఆగస్టులో జరిగిన వేలములో ఆ నేల ఎకరము నూరు కోట్ల రూపాయలు దాటి పలికినది. అట్టి సౌధముల సముదాయమొకదానిలో నివసించు భక్తులు, క్రింది అంతస్తునందలి సమావేశ మందిరమున అమ్మవారి పటము నుంచి, ధనుర్మాస ప్రవచనమునకు నన్ను పిలిచిరి. ఉదయము ఐదు గంటలకు ముప్పది నలుబదిమంది వచ్చెడివారు. అందరును ఏబదియేండ్లు దాటినవారే. ఆ బాలిక ఒక్కతె వేరు.

ఆమె ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్నది. నుదుట తిలకము, చేతిలో పాశురముల పుస్తకము. మొదటినాడే మూడు పాశురములు చూడకుండ చెప్పినది. రెండవనాడు ప్రవచనము ముగిసి అందరును ప్రసాదము తీసికొనుచుండగా నా యొద్దకు వచ్చి, "తాతగారూ, నేను తప్పు కాలంలో పుట్టానేమో అనిపిస్తుంది. మా కాలేజీలో నాతో మాట్లాడేవాళ్లు లేరు. నన్ను 'బామ్మా' అని పిలుస్తారు. వాళ్లకు ఎప్పుడూ ఫోనే, రీల్సే, ఎవరు ఏం కొన్నారన్న మాటే. నాకు అవేవీ పట్టవు. ద్వాపరయుగం కాకపోయినా, కనీసం మీ రోజుల్లో పుట్టి ఉంటే ఎంత బాగుండేది!" అన్నది.

వృద్ధునకు ఇంతకంటె తీయని మాట వేరొకటి యుండునా? నేను పొంగిపోయితిని. ఆ పిల్ల భుజము తట్టి, అక్కడున్నవారందరు వినునట్లు, "చూడుడు, ఈ కాలపు బురదలో పుట్టిన పద్మమిది. తక్కిన పిల్లలను చూచి దిగులుపడకు తల్లీ, వారి దారి వారిది, నీ దారి నీది" అంటిని. అందరును సంతోషించిరి. అమ్మాయి కన్నులు మెరసినవి.

ఇంటికి వచ్చి మరునాటి పాశురము చూచుకొనుటకు పుస్తకము తెరువగా, ఆనాడు చెప్పిన రెండవ పాశురమే కంటబడినది. అది వ్రతనియమముల పాశురము. నేయి ముట్టము, పాలు త్రాగము, కాటుక దిద్దుకొనము, పూలు ముడువము అని కన్నెలు నియమములు చెప్పుకొని, వానితోపాటు మరియొక నియమమును చేర్చిరి: ఒరులను గూర్చిన చెడుమాటలను మోసికొని పోము. ఉదయముననే ఈ నియమమునకు పావుగంట వ్యాఖ్యానము చేసితిని. అశోకవనమున తన్ను బాధించిన రాక్షస స్త్రీలను చంపుటకు హనుమంతుడు అనుజ్ఞ కోరగా, సీతమ్మవారు వలదని వారించిన ఘట్టమునుగూడ వర్ణించితిని. ఆ నోటితోనే, ఇంకను చేతిలో పుస్తకము మూయకుండగనే, నేను ముఖమైనను ఎరుగని పిల్లలను బురద యంటిని. వారి మీద చాడీ మోసికొని వచ్చిన బాలికను మెచ్చుకొంటిని. నేయి మాని, పాలు మాని, ఈ నియమమును మాత్రము వ్రతారంభముననే ఇరువురమును భంగపరచితిమి.

అయితే ఆ బాలిక బాధ కల్ల యని నేననుట లేదు. తన యీడువారి నడుమ మాట కలియక తిరుగుట చిన్న కష్టము గాదు. పెద్దలు దానిని 'మంచిదేలే, చెడుసావాసము లేదు' అని తేలికగా త్రోసివేయుదురు. మధ్యాహ్నము భోజనపు డబ్బా తెరచుకొని ఒంటరిగా కూర్చుండు పిల్లకు ఆ మాట ఏమి ఓదార్పు? ఆమె ఆటపాటలు మార్చుకొని వారితో కలిసిపోవలెనని కూడ నేననను. నా మనస్సును తొలిచినది 'తప్పు కాలము' అన్న మాట.

కాలము తప్పి పుట్టినవారనదగినవారు ఎవరైన నుండినచో గోదయే గదా! శ్రీకృష్ణుడు అవతారము చాలించిన పిదపనే ఆమె శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుల తులసీవనమున దొరకినది. సంప్రదాయము ఆమెను కలియుగారంభమున నుంచును. చరిత్రకారులు ఎనిమిది, తొమ్మిది శతాబ్దముల కాలమునకు దింపుదురు. ఎట్లు లెక్కించినను ఆమె కోరినవాడు ఆమె కాలమున లేడు. తోడి కన్నెలు వరుల గూర్చి కలలు కనుచుండ, మనుష్యునకు భార్యనై బ్రతుకనన్న పిల్ల ఆమె. మన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా కీర్తించిన ఆ తల్లి, నాచ్చియార్ తిరుమొళిలో, నన్ను మథురకు, బృందావనమునకు చేర్పుడని బంధువులను వేడుకొన్నది నిజమే. ఆ విరహవేదనను నేను మరవలేదు. కాని వ్రతమునకు పూనుకొన్న దినమున ఆమె చేసినదేమి? తన ఊరినే గోకులమని భావించినది. తన చెలులనే గోపికలని తలచినది. ద్వాపరము పోయెనే యని వాకిటిలో కూర్చుండక, తన కాలమునందే, తన వీథియందే ద్వాపరమును నిలుపుకొన్నది. దానికి ఆమెకు తోడివారు కావలసి వచ్చిరి. ఒక్కతె పోయినచో అది గోకులము కాదు.

ఆ నిద్రపోవు పిల్లలైనను ఎట్టివారు? ఒకతె మణులు తాపిన మేడలో, చుట్టును దీపములు వెలుగ, ధూపము పరిమళింప, పాన్పుపై పరుండినది. ఆ పాశురము చెప్పుచు కిటికీలోనుండి చూచితిని; ఎదుటి సౌధమున అన్ని గదులలోను నీలపు దీపములు వెలుగుచున్నవి, వాకిళ్లు మూసియున్నవి. మరియొకతె కుంభకర్ణుడు ఓడిపోయి తన నిద్రను ఈమెకు ఇచ్చి పోయినాడా యని పరిహసింపబడినది. ఇంకొకతె అందరికంటె ముందు తానే లేపెదనని నిన్న గొప్పగా పలికి నేడు లేవనిది. గోద వారిని ఎత్తిపొడిచినది, వేళాకోళము చేసినది. ఒకతెను మామకూతురా యని వరుస కలిపి పిలిచినది. ఒక్కరినైనను 'ఇది నిద్రపోవు జాతి, దీనిని విడుతము' అనలేదు.

ప్రహ్లాదుడును ఇట్లే. భాగవత సప్తమస్కంధమున, చండామార్కులు గృహకృత్యములకై పోయినపుడు, దైత్యబాలురు ఆతనిని ఆటకు పిలుతురు. ఆ పాఠశాలలో ఆ బాలునివలె వేరుపడినవాడు లేడు. గురువులు పగ, తండ్రి పగ. అట్టివాడు ఆ బాలురను చూచి ముఖము త్రిప్పుకొనలేదు. చిరునవ్వు నవ్వి మెల్లగా మాటలాడెను. వారును ఆటబొమ్మలు విడిచి చుట్టును కూర్చుండిరి. తరువాత నృసింహస్వామి ఎదుట నిలిచినపుడు, ఈ దీనులను విడిచి నేనొక్కడనే ముక్తుడను కాజాలనని విన్నవించుకొనెను. వేరుగా పుట్టుట ఆతనికి గొప్ప కాలేదు, వారి బరువు ఆతనిపై బడినది.

మన తాళ్లపాక అన్నమాచార్యులవారి కథయు ఇక్కడ గుర్తునకు వచ్చును. ఇంటివారు గడ్డి కోసికొని రమ్మని పంపగా, కొడవలితో వ్రేలు తెగి, ఈ సంసారము నాకేల యని, దారిని పోవు యాత్రికుల వెంట తిరుమలకు నడచిపోయిన బాలుడాయన. 1424లో, పదునారవ యేట, స్వామి సాక్షాత్కరించినది మొదలు సంకీర్తనలు ప్రారంభించెనని రాగిరేకులు తెలుపును. ఇల్లు విడిచిన ఆ పిల్లవాడే తరువాత ఇంటికి మరలి గృహస్థుడయ్యెను. ఆయన పాటలు ఏ బాణీలలో నున్నవో చూడుడు: దంచువారి సువ్వి, వసంతమున జాజర, పసిబిడ్డల లాలి, ఆడుపిల్లల గొబ్బి. తన యీడువారు, తన ఊరివారు పాడుకొను పాటలనే తీసికొని స్వామికి సమర్పించినాడు.

ఈ మాటలన్నియు దినమునకు కొంతగా ప్రవచనమునందు చెప్పుచునే వచ్చితిని. బాలిక వినుచుండెడిది. ఆమెకు తాకుచున్నవో లేదో నాకు తెలియలేదు. నా తప్పును ఒప్పుకొనుటకు మాత్రము నోరు రాలేదు. వేదికపై కూర్చుండువానికి అది కష్టము.

పండ్రెండవ పాశురమున కన్నెలు తలపై మంచు కురియుచుండ, చెలి వాకిటి గడపకమ్మి పట్టుకొని నిలిచియుందురు. దానిని చెప్పిన మరునాడు ఆ బాలిక మిక్కిలి వాడిన ముఖముతో నా యొద్దకు వచ్చినది. ఆమెతో ఆరవ తరగతి నుండి కలిసి చదివిన స్నేహితురాలు అదే సౌధమున పైయంతస్తులో నున్నదట. ఇంటర్మీడియట్‌లో చేరిన పిదప ఆ పిల్ల తక్కినవారి గుంపులో కలిసినది, వీరికి మాటలు తగ్గినవి. పది దినముల క్రిందట ఒక రాత్రి, ఒంటిగంట దాటిన పిదప, ఆ స్నేహితురాలు ఫోనులో రెండు మాటలు వ్రాసినది: "మేలుకొని ఉన్నావా?"

"నేను నాలుగు గంటలకు స్నానానికి లేచినప్పుడు చూశాను తాతగారూ. రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చున్నట్టుంది, దీనికి వేరే పని లేదు అనుకున్నాను. బదులు ఇవ్వలేదు. ఇక్కడికి వచ్చి పాశురం చెప్పాను. నిన్న మా అమ్మ చెప్పింది, వాళ్ల నాన్నగారికి ఉద్యోగం పోయిందట. ఇల్లు ఖాళీ చేస్తున్నారట. ఆ గుంపులో ఎవరికీ చెప్పుకోలేక నాకు రాసింది."

ఆమె ఏడ్చుచున్నది. నాకు మాట రాలేదు. వాకిటిలో మంచులో నిలిచి తలుపు తట్టినది ఎవరు? లోపల పరుండినది ఎవరు? నేను చెప్పవలసిన పాశురము ఇంకను రెండు దినముల తరువాతిది. అయినను అప్పుడే చెప్పితిని.

పదునైదవ పాశురము తక్కినవానివలె వెలుపలివారు మాత్రమే పలుకునది కాదు. అది లోపలి పిల్లకును వెలుపలి పిల్లలకును సంవాదము. వారు ఇంకను నిద్రయా యని పిలువగా, ఆమె గట్టిగా అరువకుడు, వచ్చుచున్నాననును. నీ మాటల నేర్పు మాకు తెలియునని వారందురు. మీరే నేర్పరులు అని మొదలుపెట్టి, అంతలో మాట మార్చుకొని, పోనిండు, నేనే అట్టిదాననగుదునుగాక యని ఆ పిల్ల తలవంచును. తప్పు తనది కాకున్నను తనదే యని ఒప్పుకొనుటను మన పెద్దలు వైష్ణవలక్షణముగా నెంచి, ఈ పాశురమునే తిరుప్పావై యనదగునని ఆదరించిరి. ఆ వెంటనే ఆమె అడుగు ప్రశ్న యొకటి యున్నది. స్వామి లేచినాడా యని కాదు, ప్రొద్దెక్కినదా యని కాదు. అందరును వచ్చిరా యని అడుగును. వచ్చిరి, నీవే వచ్చి లెక్కించుకొనుమని వారందురు.

"తల్లీ, తప్పు నీది ఒక్కదానిది కాదు. రెండవనాడు నిన్ను పద్మమని, వారిని బురదయని అన్నది నేను. అది నేననరాని మాట. నాదే తప్పు" అంటిని. అది విన్నవారు నలుగురైదుగురు ఉండిరి. బాలిక కన్నులు తుడుచుకొని, "ఇప్పుడు వెళితే తలుపు తీస్తుందా?" అని అడిగినది. తీయునని నేను చెప్పలేకపోతిని. పది వాకిళ్లలో కొన్నింటికడ గోద ఎంతో సేపు నిలువవలసి వచ్చినదని మాత్రము చెప్పితిని.

పదునైదవనాడు ఆ బాలిక ప్రవచనమునకు రాలేదు. అంతకు ముందెన్నడును మానలేదు గనుక నా చూపు మాటిమాటికి ద్వారమువైపు పోవుచుండెను. ప్రసాదము పంచు వేళకు ఆమె తల్లి వచ్చి, "స్వామీ, పిల్ల తెల్లవారుజామున లేచి పై అంతస్తుకు వెళ్లింది. వాళ్లు సామాను సర్దుకుంటున్నారు, తోడుగా ఉంటానంది" అని చెప్పి, పొంగలి రెండు దొన్నెలలో పెట్టి ఇమ్మని అడిగినది.