పరదేశ గృహములో పూర్వుల ఋణము

మనుష్యుడు ఋణముతోనే పుట్టునని పెద్దలు చెప్పిరి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడింటిలో పితృఋణము సంతానము వలన తీరునని శాస్త్రము. అయితే సంతానము కలిగిన మాత్రముననే అది తీరునా? పూర్వుల భాషయు, వారి ఊరి పేరును తెలియక పెరిగిన మనుమడు ఆ ఋణమును తీర్చినవాడా, మరచినవాడా? ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఫిజీ తెలుగు కుటుంబములకు ఇది పండితుల చర్చ కాదు. ఇంటింట భోజనవేళ ఎదురగు ప్రశ్న.

1879 నుండి 1916 వరకు 60,000 మందికి పైగా భారతీయులు గిర్మిట్ ఒడంబడికపై ఫిజీకి చేరిరి. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా దక్షిణాదివారు, వారిలో తెలుగువారును రాసాగిరి. కూలి లైన్లలో అప్పటికే నాటుకొనిన హిందుస్తానీయే వారికి పనికిని, బేరమునకును, ఇరుగుపొరుగు మాటలకును భాష అయ్యెను. 1941లో వెలసిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంగము తెలుగును నిలుపుటకు పాటుపడెను. అయినను పెక్కు ఇండ్లలో తెలుగు భజనకును, పెండ్లిపాటకును పరిమితమయ్యెను. 1987 నాటి రెండు సైనిక తిరుగుబాట్ల తరువాత వేలాది భారతీయ సంతతివారు ఫిజీని విడిచిరి. వారిలో అనేకులు ఆస్ట్రేలియా చేరిరి. ఫిజీ చక్కెర మిల్లులను 1973 వరకు నడిపిన కంపెనీ సిడ్నీ నగరపుదే. ముత్తాత చెమట ఫలము ఏ నగరమునకు చేరెనో, మునిమనుమడు ఆ నగరములోనే ఇల్లు కట్టుకొనెను.

సిడ్నీకి దక్షిణమున హెలెన్స్‌బర్గ్‌లో 1985లో ప్రతిష్ఠ జరిగిన వేంకటేశ్వరాలయము వంటి చోట్ల, గుంటూరు నుండియు హైదరాబాదు నుండియు నేరుగా వచ్చినవారితో వీరు కలసికొందురు. "తెలుగు రానివారు తెలుగువారెట్లగుదురు?" అను మాట అట్టి కలయికలలో ఒకొకప్పుడు వినబడును. ఆ మాట నొప్పించునదే. కాని నొప్పి సమాధానము కానేరదు. సమాధానమునకై పొరుగు దేశమగు ఇండోనేషియా వంక చూచుట మంచిది.

ఆ దేశమున అత్యధికులు మహమ్మదీయులు. వారి రాజముద్ర గరుడుడు. భిన్నత్వములో ఏకత్వమును చాటు వారి జాతీయ నినాదము 14వ శతాబ్దమున మ్పు తంతులర్ రచించిన సుతసోమ కావ్యము నుండి గైకొనబడినది. జావాలోని ప్రంబానన్ ఆలయము చెంత 1961 నుండి రామాయణ నృత్యనాటకము ప్రదర్శించుచున్నారు. వారి తోలుబొమ్మలాటలో సెమార్ అను సేవకుడు రాజులకే బుద్ధి చెప్పును. అట్టి పాత్ర వాల్మీకిలో గాని వ్యాసునిలో గాని లేదు. జావా ప్రజలకు సంస్కృతము రాదు. అయినను రామకథ మీది కాదని వారినెవ్వరును అనరు. కథను భద్రపరచుట మాత్రమే గాక దానికి తమ మనిషిని చేర్చి తమదిగా చేసికొనిరి. 2023 మార్చి 22న ఆంధ్రదేశమున ఉగాది పచ్చడి పంచుచుండగా, బాలిద్వీపమున అదే శకవర్షాదిని న్యెపీ అను పేర మౌనముతో గడపిరి. ఆ దినమున అచట నిప్పు రాజేయరు, పని చేయరు, ప్రయాణింపరు, వినోదింపరు. విమానాశ్రయము సైతము మూతపడును. సంవత్సరమొకటే, ఆచారము వేరు, రెండును సత్యములే.

అయితే ఇండోనేషియాను ఆదర్శమని కన్నులు మూసికొని పొగడరాదు. 1967లో ప్రభుత్వాజ్ఞ ఒకటి అచటి చీనా సంతతివారు తమ పండుగలను బహిరంగముగా జరుపుకొనరాదని శాసించెను. అది 2000లో గాని రద్దు కాలేదు. 1998 మే మాసపు అల్లర్లలో వారి ఇండ్లును, దుకాణములును దగ్ధమయ్యెను. తరతరములుగా నివసించిన నేలపైననే పరాయివారనిపించుకొనుట ఎట్టిదో ఫిజీ నుండి వచ్చిన కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. ఏకత్వ నినాదము ముద్రపై నుండుట వేరు, పొరుగువాని గుమ్మమును కాపాడుట వేరు.

కావున భాష పోవుటలో మూడు విధములు కలవు: శాసనముచే పోవుట, దారిద్ర్యముచే పోవుట, ఉపేక్షచే పోవుట. మొదటిది పాలకుల దోషము. రెండవది విధి వైపరీత్యము; పగలెల్ల చెరకు నరికి రాత్రి ఒడలు వాల్చిన కూలివానిని, బిడ్డకు అక్షరాలు దిద్దించలేదని నిందించుట అధర్మము. నేడు వారి సంతతిని ఎత్తిపొడుచువారు ఈ సంగతి తెలిసికొనవలెను. కాని ఆస్ట్రేలియాలో శాసనము అడ్డు రాదు, దారిద్ర్యము అంతగా లేదు. ఇచట పోవునది మూడవ విధముననే పోవును. ఆ బాధ్యత గృహస్థునిదే.

ఇచట పుట్టిన బిడ్డ ఈ ఋణమును తాను కోరి తెచ్చుకొనలేదు గదా, దానిని వాని నెత్తిన మోపుట న్యాయమా, అని కొందరు అడుగుదురు. ఆక్షేపణ ఉచితమైనదే. బలవంతపు భక్తి భక్తి కానట్లే, బలవంతపు వారసత్వము వారసత్వము కాదు. అయినను చూడని దానిని ఎవ్వడును ఎంచుకొనలేడు. చూపుట తల్లిదండ్రుల ధర్మము. ఎంచుకొనుట బిడ్డ స్వాతంత్ర్యము. చూపకయే "వానికి ఇష్టము లేదు" అనుట ఆత్మవంచన.

చూపవలసినది రామకథ మాత్రమే కాదు, గిర్మిట్ కథయును. జావావారు సెమార్‌ను చేర్చినట్లు, ఫిజీ తెలుగువారి కథలో చెరకుతోటయు, కూలి లైనును ఉండవలెను. పూర్వుల ఎమిగ్రేషన్ పాసులలో తండ్రి పేరు, జిల్లా, గ్రామము వ్రాయబడియున్నవి. ఆ గ్రామనామమును ఇంటి బిడ్డ ఒక్కసారి తెలుగు లిపిలో తన చేతితో వ్రాయగలిగిన నాడు ఋణము తీరినదని కాదు, కాని తీర్చుట మొదలైనదని చెప్పవచ్చును. క్రొత్తగా వచ్చిన తెలుగువారు ఆ అక్షరములు దిద్దించుటకు అన్నలై, అక్కలై ముందుకు వత్తురు గాక!