నీళ్ల వంతు

ఎండలు ముదిరి నీళ్లకి కటకట మొదలవగానే ఒక సలహా వినిపిస్తుంది: ఇంట్లో నీళ్లు పొదుపుగా వాడండి. సలహాలో తప్పేమీ లేదు. నా పేచీ అల్లా ఆ "పొదుపు" అన్న మాటతోనే. పొదుపు చెయ్యాలంటే ముందు చేతిలో కాస్త ఎక్కువ ఉండాలి. ఎప్పుడూ చాలీచాలనట్టే ఉన్నవాడు ఏం పొదుపు చేస్తాడు?

2024 మార్చిలో బెంగళూరులో తాగే నీళ్లతో కారు కడిగినా, తోటకి పెట్టినా 5,000 రూపాయల జరిమానా అన్నారు. అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే కదా, ఆ కష్టం ఫోన్ల మీద మన ఇళ్లకీ చేరింది. అంతకు ఆరేళ్ల ముందు, 2018 ఫిబ్రవరిలో, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకి 50 లీటర్లే అని గీత గీసింది. ప్రపంచమంతా జాలిపడింది. ఆ మరుసటి ఏడే మన దేశంలో జల్ జీవన్ మిషన్ మొదలైంది. పల్లెల్లో ప్రతి ఇంటికీ కుళాయి వేసి, మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. పట్టణాలకి మన ప్రభుత్వ లెక్క 135. అంటే, కేప్‌టౌన్‌కి విపత్తయిన అంకె, ఐదు లీటర్ల తేడాతో, మన పల్లెకి చేరుకోవాల్సిన గమ్యం!

ఈ అంకెలు చేతిలో పెట్టుకుని ద్వారకా తిరుమల వైపు చూద్దాం. చిన్న తిరుపతి మెట్ట ప్రాంతం. భీమడోలు వైపు దిగితే గోదావరి కాలువ, వరి చేలు, ఇంకా కిందికి చేపల చెరువులు, కొల్లేరు. చుట్టూ నీళ్లున్నా తాగడానికి క్యాన్ కొనుక్కునే లంక గ్రామాలు అక్కడివే. పైన మెట్టలో మాత్రం సేద్యానికి ప్రధానంగా బోరే దిక్కు.

ఈ మెట్టలో పామాయిల్ తోటలు ఎక్కువ. ఆ పంట మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా ఏలూరు పక్కన పెదవేగిలోనే ఉంది. కాపుకొచ్చిన ఒక్క పామాయిల్ చెట్టుకి నడి వేసవిలో రోజుకి 200 లీటర్ల పైనే కావాలి. ఎకరానికి యాభై పైచిలుకు చెట్లు. 55 లెక్కన చూస్తే ఒక్కో చెట్టు తాగేది నలుగురి వాటా, ఎకరం తాగేది సుమారు రెండొందల మంది వాటా. రైతుని దోషిని చెయ్యడానికి ఈ లెక్క చెప్పడం లేదు. వరి అయితే ఒక ఏడు మానుకోవచ్చు. ఇది పాతికేళ్లు నిలిచే తోట. ఒక్క వేసవి తడి తప్పితే ఆ దెబ్బ తర్వాతి ఏళ్ల గెలల్లో కనిపిస్తుంది. ఆ చెట్లని నాటమన్నదీ ప్రభుత్వమే, 2004 నుంచి మోటారుకి కరెంటు ఉచితం అన్నదీ ప్రభుత్వమే.

అలాంటప్పుడు ఇంట్లో ఒకామె బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా దాస్తే ఏమిటి, దాయకపోతే ఏమిటి? భూగర్భ జలాల లెక్కలో ఏమీ కాదు. ఈ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా "మీ ఒక్క బకెట్టే భూమిని కాపాడుతుంది" అనడం జనాన్ని మభ్యపెట్టడమే.

కానీ కుళాయి లెక్క వేరు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే పైపు ఒక్కటే. నీళ్లు వదిలేది కాసేపే. ట్యాంకు దగ్గరి ఇంట్లో కుళాయికి మోటారు బిగిస్తే, ఎత్తు మీదున్న చివరి ఇంట్లో గాలి చప్పుడే మిగులుతుంది. ఇక్కడ నేను ఆపిన బకెట్టు ఎక్కడికి పోతుందో చూపించొచ్చు. అదే పైపు మీద ఇంకో ఇంటి బిందెలోకి పోతుంది.

దీనికి డెల్టాలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. దాళ్వాకి నీళ్లు చాలని ఏడు వంతులవారీగా వదులుతారు. ఇన్నాళ్లు ఈ కాలువకి, ఇన్నాళ్లు ఆ కాలువకి. తూము దగ్గర లస్కరు ఉంటాడు. ఎగువ రైతు గండి కొడితే శివారు రైతు గట్టెక్కి అడుగుతాడు. పొదుపు అన్నప్పుడు మనకి మన ట్యాంకే కనిపిస్తుంది. వంతు అనగానే మన వెనక నిలబడ్డవాడు గుర్తొస్తాడు.

వంతు అనుకున్నాక ఇంట్లో కూడా కొన్ని ప్రశ్నలు తప్పవు. ఇంటికి ఇన్ని బిందెలు అని పెడితే, తెల్లవారుజామున లేచి అవి పట్టేది ఎవరు? చాలకపోతే ఎవరి స్నానం ఆగుతుంది? చాలా ఇళ్లల్లో జవాబు చెప్పక్కర్లేదు. మీటరు ఇంటి మొత్తాన్నీ ఒకే మనిషిగా లెక్కేస్తుంది.

కొండ మీదికొచ్చే యాత్రికుడి సంగతేమిటి? ఇక్కడ స్వామికి ఏడాదికి రెండు సార్లు కల్యాణోత్సవాలు. అందులో ఒకటి వైశాఖంలో, అంటే సరిగ్గా నీళ్లు అడుగంటే రోజుల్లో. తలనీలాలిచ్చినవాడికి స్నానం విలాసం కాదు. దాన్ని వద్దనడం అన్యాయం. కానీ హైదరాబాద్ నుంచి వచ్చి సత్రం గదిలో షవర్ కింద నిలబడ్డప్పుడు, ఆ పూట మనమూ ఆ ఊరి వరసలో ఉన్నవాళ్లమే. భక్తుడికి ఒక బకెట్టు న్యాయమైన వంతు. నాలుగో బకెట్టు ఇంకొకరిది.

వంతుకి తీరని లోటు ఒకటుంది. కాలువకి లస్కరు ఉన్నాడు, బోరుకి లేడు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోరుకి అనుమతి కావాలంది, ఊరి మంచినీటి బావికి 250 మీటర్ల లోపు కొత్తది వెయ్యకూడదంది. కానీ నేల కింద ఎవరి వంతు ఎక్కడ అయిపోయిందో గట్టెక్కి చూసే వీల్లేదు. ఇది కుళాయి కట్టేస్తే తీరే సమస్య కాదు. ఏ పంటకి రాయితీ, ఏ కరెంటు ఎన్ని గంటలు అని ప్రభుత్వాన్ని అడిగితేనే తీరేది.

ఆ అడిగే హక్కు ముందు ఎవరిది? జీవితమంతా 55 లోపే బతికినవాళ్లది. వాళ్లు ఏ కరువు హెచ్చరికా రాకముందే తమ వంతు పాటించారు. కాబట్టి వచ్చే వేసవిలో ఆంక్షల కాగితం తయారు చేసేటప్పుడు, పైపు చివరి ఇంటికి వెళ్లి జాగ్రత్తలు చెప్పడం ఆపి, ట్యాంకు దగ్గరి ఇంటి నుంచి మొదలుపెడితే బాగుంటుంది. ఇది చదువుతున్న మనలో చాలామందిమి ఆ ఇళ్లల్లోనే ఉంటున్నాం.