కనబడని రోగి

తానెరుగని వ్యక్తికి, తన కంటికి కానరాని మార్గమున కలిగిన హానికి మనుష్యుడు బాధ్యుడగునా? పాపపుణ్యముల విచారణలో కర్తయు బాధితుడును ఎదురెదురుగా నిలుచుట వాడుక. ఔషధముల విషయమున ఈ వాడుక చెల్లదు.

1928లో పెన్సిలిన్‌ను కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసమున ఒక కల్పిత కథ చెప్పెను. ఒక గృహస్థునకు గొంతునొప్పి కలిగినది. అతడు పెన్సిలిన్ కొని చాలీచాలని మోతాదులో సేవించెను. సూక్ష్మజీవులు చావలేదు, మందునకు ఓర్చుట నేర్చినవి. అవి భార్యకు సోకగా ఆమెకు న్యుమోనియా వచ్చినది. పెన్సిలిన్ పనిచేయలేదు, ఆమె మరణించెను. ప్రధాన దోషి భర్తయే యని ఫ్లెమింగ్ తీర్పు.

కథలో దోషియు మృతురాలును ఒకే యింటివారు. లోకమున అట్లు కాదు. న్యుమోకాకస్ అను సూక్ష్మజీవి అనేకుల ముక్కులో, గొంతులో ఏ బాధయు కలిగింపక నివసించును. అదను దొరకిన ఊపిరితిత్తులలో ప్రవేశించి ప్రాణము తీయును. 1928లోనే ఫ్రెడరిక్ గ్రిఫిత్ దాని విచిత్రమొకటి చూపెను. పై తొడుగు గల న్యుమోకాకస్ చుంచెలుకలను చంపును; తొడుగు లేనిది చంపజాలదు. వేడిచే చంపిన మొదటి రకమును, సజీవమైన రెండవ రకముతో కలిపి ఎక్కించగా చుంచెలుకలు మరణించినవి. మృతజీవి ఉగ్రత సజీవికి సంక్రమించినది. మందును ఎదిరించు శక్తియు ఇట్లే చేతులు మారును. గొంతులోని నిరపాయజీవుల జన్యుశకలములను గ్రహించి న్యుమోకాకస్ పెన్సిలిన్‌ను ధిక్కరింపగలదు. అట్టివానిని వైద్యులు 1967లో ఆస్ట్రేలియాలో, 1977లో దక్షిణాఫ్రికాలో గుర్తించిరి.

కావున, వైరస్ వలన కలిగిన జలుబునకు యాంటిబయాటిక్ మ్రింగినవాడు తాను ఏ మేలును పొందడు. ఎదిరింపు నేర్చిన జీవులకు తన గొంతులో చోటు మాత్రము కల్పించును. మూల్యము చెల్లించువారు మరెవ్వరో. వారి పేరైనను అతనికి తెలియదు.

అట్లని ఫ్లెమింగ్ తీర్పును భారతదేశపు పేదవానిపై యథాతథముగా మోపుట న్యాయమా? ఒక దినపు కూలిని పోగొట్టుకొని వైద్యుని కడకు పోలేనివాడు దుకాణమున రెండు మాత్రలడిగి కొనును. 2014 మార్చి నుండి అమలైన షెడ్యూల్ హెచ్-1 నియమము, అనేక యాంటిబయాటిక్ మందులను వైద్యుని చీటి లేక అమ్మరాదనియు, అమ్మకమును పుస్తకమున నమోదు చేయవలెననియు విధించినది. చీటి వ్రాయు వైద్యుడే లేని చోట ఆ నియమము తలుపు మూయును గాని దారి చూపదు. 2019లో ప్రపంచమున ఐదేండ్లు నిండని బిడ్డలు ఏడు లక్షలకు పైగా న్యుమోనియాతో మరణించిరి. సకాలమున మందు అందినచో వారిలో అనేకులు బ్రదికియుందురు.

దప్పిగొన్నవాడు ఊరి చెరువులో కడవెడు నీరు ముంచుకొనుట దొంగతనము కాదు. అవసరము లేక గట్టు త్రెంచుట అపరాధము. మందు విషయమునను ధర్మమిదియే. న్యుమోనియాతో రొప్పుచున్న బిడ్డకు మందిచ్చుట ఎవరికిని ద్రోహము కాదు. జలుబునకు దానిని కోరువాడు, కోరినంతనే వ్రాసి యిచ్చు వైద్యుడు, లాభమునకై అమ్మువాడు, ఊరికి వైద్యుని పంపని పాలకుడు, ఈ నలుగురును కనబడని రోగికి ఋణపడియున్నారు. నలుగురిదియైనంత మాత్రమున ఏ ఒక్కరి వంతును తరుగదు. కథలోని భర్త భార్య శయ్యకడ నిలిచి తన తప్పును గ్రహింపవచ్చును. వీరికి అట్టి శయ్య ఎన్నడును కనబడదు. కనుక మాత్ర చేత బట్టకముందే ఆ రోగిని తలచుట వీరి విధి.